వంతెన లేని వంతెన యుద్ధం

నిన్న రాత్రి ‘బ్రేవ్‌హార్ట్’ సినిమా మళ్లీ చూశాను. స్టిర్లింగ్ యుద్ధం దగ్గర ఈసారీ మనసు చివుక్కుమంది. 1297 సెప్టెంబరు 11న స్కాట్లాండ్‌లో జరిగిన ఆ పోరుకు ప్రాణం ఫోర్త్ నది మీది చెక్క వంతెన. ఇద్దరు రౌతులు పక్కపక్కన వెళ్తే నిండిపోయేంత ఇరుకు. ఇంగ్లండ్ సైన్యంలో కొంత భాగం దాటేదాకా స్కాట్లాండ్ సేనానులు విలియం వాలెస్, ఆండ్రూ మొరే ఓపిగ్గా కాచుకుని, అప్పుడు కొండ దిగి వంతెన కొసను మూసేశారు. దాటినవారికి వెనక్కి దారి లేదు, అవతల మిగిలినవారికి సాయపడే వీలు లేదు.

సినిమాలో వంతెనా లేదు, మొరే కూడా లేడు. మైదానంలో ఎదురెదురుగా తలపడటమే. దుస్తులు, ఆయుధాలు అటూఇటూ అయితే సర్దుకుపోతాను. గెలిపించిన ఎత్తుగడనే తీసేస్తే ఒప్పుకోలేను. ఆ పోరులో తగిలిన గాయాలతోనే మొరే కన్నుమూశాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తెరపై ఆయన పేరైనా వినిపించాల్సింది.