సలుపా, పోటా?

మూడేళ్ల కిందట ఎవరైనా "మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడిగితే "హెల్త్‌కేర్ సైడ్ అండీ" అనేదాన్ని. అబద్ధమేమీ కాదు. కాకపోతే వినేవాళ్లు మెడిసిన్ అనుకుంటారని తెలిసే అలా అనేదాన్ని. అలాగే అనుకునేవాళ్లు, నేనూ దిద్దేదాన్ని కాదు. ఒకసారి తెలిసినవాళ్లింట్లో ఇదే జవాబు చెబుతుంటే మా అమ్మాయి పక్కనే ఉంది. అక్కడ నోరు మెదపలేదు. కారెక్కాక అడిగింది: "అమ్మా, నర్సింగ్ అని చెప్పడానికి నీకెందుకంత సిగ్గు?"

సిగ్గేం కాదన్నాను. ఇంకేమిటో మాత్రం చెప్పలేకపోయాను.

మా చిన్నప్పుడు నర్సంటే డాక్టరు వెనక ట్రే పట్టుకుని నడిచే మనిషి. సూది వేసి, బెడ్‌పాన్ తీసి, రోగి బంధువులతో మాటలు పడే "సిస్టర్". అమెరికా వచ్చి ఇరవై ఏళ్లయినా నా బుర్రలో ఆ బొమ్మ చెక్కుచెదరలేదు. మా ఆయనది ఇంకో బాధ. "డాక్టరు సీటు రాక ఇందులో చేరిందనుకుంటారు" అన్నాడు. "డాక్టర్ అవ్వాలని నేనెప్పుడూ అనుకోలేదు నాన్నా" అంది తను. ఆ ఒక్క మాట నమ్మడానికి మాకు ఏడాది పట్టింది. హైస్కూల్లో ఉండగా వృద్ధుల కేర్ సెంటర్‌కి వాలంటీరుగా వెళ్లేది. డాక్టరు వచ్చివెళ్లేది ఎప్పుడో ఒకసారి. మిగతా సమయమంతా ఆ ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండేదెవరో అక్కడ చూసింది. మేం చూడలేదు, అంతే తేడా.

చదువు తేలికేమో అనుకున్నాం, అదీ తప్పే. నాలుగేళ్ల బీఎస్ఎన్, అంటే నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ అయ్యాకే అసలు నర్సింగ్ మొదలవుతుంది. ఆపైన తెల్లవారుజామున లేచి క్లినికల్స్‌కి, అంటే ఆస్పత్రిలో శిక్షణకి వెళ్లడం. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో కూడా ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు కావచ్చు. ఎటు నుంచి వచ్చినా చివరికి లైసెన్సు కోసం రాయాల్సిన పరీక్ష ఒకటే, ఎన్‌క్లెక్స్.

మా ఆయన మనసు మారింది మాత్రం ఒక దశాంశ బిందువు దగ్గర. అమ్మాయికి మందుల మోతాదు లెక్కల టెస్టు ఉంది, కాగితం చేతిలో పెట్టి ప్రశ్నలు అడగమంది. ఈయన జవాబులు దిద్దుతూ "ఇక్కడ సున్నా అనవసరంగా రాశావు" అన్నాడు. "అనవసరం కాదు నాన్నా. సున్నా లేకుండా .5 అని రాస్తే ఆ చుక్క కనబడక ఎవరైనా 5 అనుకోవచ్చు. పదింతల మందు వెళ్లిపోతుంది. అందుకే 0.5 అనే రాయాలి. 1.0 అని మాత్రం రాయకూడదు, 10 అనుకుంటారు." పాతికేళ్లుగా డేటాబేసులతో కుస్తీ పడుతున్న మనిషి కాసేపు ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయాడు. మర్నాటి నుంచి ఆఫీసులో ఈ సున్నా కథ అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. "మా అమ్మాయి నర్సింగ్‌లో చెబుతారట" అంటూ. నాకంటే ముందు ఆ మాట బయటపెట్టింది ఆయనే.

ఎన్‌క్లెక్స్ పరీక్ష టెన్షన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. కంప్యూటర్ మీద రాయాలి. సరైన జవాబులు చెప్పేకొద్దీ ప్రశ్నలు కష్టమవుతుంటాయి. కనీసం 85, గరిష్ఠంగా 150, సమయం ఐదు గంటలు. అభ్యర్థి స్థాయి తేలిపోయిందనుకున్న క్షణంలో కంప్యూటరే ఆపేస్తుంది. మా అమ్మాయికి సరిగ్గా 85 దగ్గర ఆగిపోయింది. బాగా రాసినా అక్కడే ఆగొచ్చు, ఘోరంగా రాసినా అక్కడే ఆగొచ్చు. ఫలితం చూసుకోవడానికి రెండు పనిదినాలు ఆగాలి. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడలేదు.

జీతం సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2024 మే నాటికి రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. రాష్ట్రాన్ని బట్టి చాలా మారుతుంది. ఈ అంకె విన్నాక కొందరి మొహాల్లో వచ్చే గౌరవం చూస్తే నాకు నవ్వొస్తుంది. మూడేళ్ల కిందటి నా మొహం గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోతుంది.

ఇప్పుడు మా అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. వారానికి మూడు రోజులు, రోజుకు పన్నెండు గంటలు, అదీ రాత్రి షిఫ్టు. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరి, బూట్లు గరాజ్‌లోనే వదిలి, మమ్మల్ని ఆమడ దూరంలో ఉంచి సరాసరి స్నానానికి పోతుంది. "ఆస్పత్రి బట్టలు, ముట్టుకోకు" అంటుంది. మడి పేరుతో మా నాయనమ్మ ఇలాగే అంటే మేం వెక్కిరించేవాళ్లం. కొన్నిరోజులు స్నానమయ్యాక కూడా గదిలోంచి బయటికి రాదు. ఏమైందని అడగను. ఎవరో పోయారని అర్థమవుతుంది. అలాంటప్పుడు ఏమనాలో నాకు ఇంగ్లిషులోనూ తెలియదు, తెలుగులోనూ తెలియదు. తలుపు బయట కాసేపు నిలబడి వచ్చేస్తాను.

అసలు నేను చెప్పాలనుకున్నది తెలుగు గురించి. చిన్నప్పుడు ఆదివారం తెలుగు క్లాసంటే కడుపునొప్పి వచ్చే పిల్ల ఇది. మేం తెలుగులో అడిగితే ఇంగ్లిషులో జవాబిచ్చేది. పోయినేడు ఒక రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టింది: "అమ్మా, సలుపు అంటే ఏంటి? పోటుకీ దానికీ తేడా ఏంటి?"

పేషెంటు ఎవరో, వయసెంతో, జబ్బేమిటో చెప్పదు. చట్టం ఒప్పుకోదు. మాటలు మాత్రమే అడుగుతుంది. పిల్లల దగ్గరికి వచ్చిన మన పెద్దవాళ్లు ఆస్పత్రి పాలయితే వాళ్ల మంచం పక్కన నిలబడి "నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత?" అని అడుగుతారు. మనవాళ్లకు నొప్పి అంకెల్లో రాదు. పొడిచినట్టుంది, గుంజుతోంది, పీకుతోంది, సలుపుతోంది, కలుక్కుమంది అంటారు. ఒక్కోదానికి ఒక్కో అర్థం. వీడియోలో ఇంటర్‌ప్రెటర్‌ని పిలుస్తారట, కానీ కొన్నిసార్లు ఇవన్నీ కలిసి ఒక్క 'పెయిన్' అయిపోతాయని దీని బాధ.

తెలుగు వచ్చు కదా, నువ్వే చెప్పెయ్యొచ్చుగా అన్నాను. కుదరదట. బాగోగులు కనుక్కోవచ్చు, దాహం వేస్తోందా అని అడగొచ్చు గానీ, ఆపరేషన్‌కి ఒప్పుకోలు లాంటివి అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటరే చెప్పాలి. ఆ అర్హతకు తను పనిచేసేచోట భాషా పరీక్ష ఉందట. అది రాస్తానంటోంది.

దాంతో సెలవు రోజుల్లో ఇద్దరం నోటు పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నాం. నేను మాట చెబుతాను, తను ఇంగ్లిషు లిపిలో రాసుకుని పక్కన అర్థం పెట్టుకుంటుంది. తిమ్మిరి, దడ, ఆయాసం, నీరసం దాకా బాగానే నడిచింది. మొన్న వికారం దగ్గర ఆగాం. వికారం, కడుపులో తిప్పడం ఒకటేనా అంది. ఒకటే అన్నాను నేను. కాదని పక్కగదిలోంచి వాళ్ల నాన్న. ఇద్దరం వాదించుకుంటుంటే తను పెన్ను పట్టుకుని, "త్వరగా తేల్చండి, ఏడింటికి డ్యూటీ ఉంది" అంది.