పాత ప్రొజెక్టర్‌కి నూనె వేసే ముందు

అటక మీద ఏళ్లతరబడి పడున్న ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము ప్రొజెక్టర్‌ని దించగానే ప్లగ్గు పెట్టేయకండి. లోపలి గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది, మోటారు తిరగలేక వేడెక్కి కాలిపోవచ్చు. ముందు చేత్తో తిప్పే నాబ్‌ని నెమ్మదిగా కదిపి చూడండి. బిగుసుకుంటే బలవంతం వద్దు. ప్లాస్టిక్ పళ్లచక్రం చిట్లితే మళ్లీ దొరకడం చాలా కష్టం.

మూత విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో పాత గ్రీజు తీయాలి. వార్మ్ గేరు (మరలా మెలికలు తిరిగిన గేరు) సందుల్లోని గోధుమరంగు జిగురు ఒక్కసారికి రాదు, పుల్లలు మారుస్తూ తుడవాల్సిందే. పూర్తిగా ఆరాక పళ్లచక్రాలకు తెల్ల లిథియం గ్రీజు బియ్యపుగింజంత, పల్చగా రాయండి. ఇరుసులకు కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. క్యామ్‌కి (ఫిల్ముని లాగే కొక్కేన్ని కదిపే, గుండ్రంగా లేని చక్రానికి) ఆనుకుని ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) ముక్క ఉంటే దానికి రెండు మూడు చుక్కలు; అది పీల్చుకుని కొద్దికొద్దిగా క్యామ్‌కి అందిస్తుంది. కొబ్బరినూనె మాత్రం వద్దే వద్దు, చలికాలంలో గడ్డకడుతుంది. రబ్బరు బెల్టుకి నూనె తగలనివ్వకండి, ఉబ్బి జారిపోతుంది.

ఫిల్ము గేటులో, అంటే దీపానికీ లెన్సుకీ మధ్య ఫిల్ము జారే సందులో, పేరుకున్న మట్టిని వెదురు పుల్లతోనే తీయాలి. ఇనుముతో గీకితే ఆ గరుకు ఫిల్ము పొడవునా గీత పెడుతుంది.

చివరగా ఫిల్ము, దీపం లేకుండా పది నిమిషాలు నడిపి, చిమ్మిన నూనె తుడిచేయండి. శ్రీకాకుళం తీరంలో కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలి ఎక్కువ. అక్కడివాళ్లు లెన్సు విడదీసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో దాచాలి, లేదంటే బూజు పడుతుంది.