సీతమ్మకు వినబడేంత

హనుమజ్జయంతి దగ్గర పడుతోందంటే నాకు బెంగగా ఉంటుంది. గుడి ముందు హారన్ స్పీకర్లు కట్టి, వక్తలు ఒకరి తర్వాత ఒకరు గొంతు చించుకుంటారు. ఎవరిని గురించి? మాట్లాడడం ఎలాగో లోకానికి నేర్పిన స్వామిని గురించి!

కిష్కింధకాండలో హనుమంతుడి మాటతీరును రాముడు మెచ్చుకున్న 'అవిస్తరమసందిగ్ధం' శ్లోకం ఆ సభల్లో అందరూ చదువుతారు. సాగదీత లేదు, తొందర లేదు, స్వరం మధ్యస్థాయిలో ఉంది అని రాముడంటే, దాన్నీ అరిచే చదువుతారు. నా మనసు మాత్రం సుందరకాండ 31వ సర్గ మొదటి శ్లోకం దగ్గర ఆగిపోతుంది.

'సంశ్రవే మధురం వాక్యం వైదేహ్యా వ్యాజహార హ.'

సంశ్రవే! సీతమ్మకు వినబడేంత. చుట్టూ రాక్షసస్త్రీలు. గొంతు కాస్త పెరిగితే పని చెడుతుంది. మరీ తగ్గితే తల్లి దక్కదు, అప్పటికే ఆమె తన జడతోనే ఉరి పోసుకుందామనుకుంటోంది. ఆ ఒక్క చెవిని కొలుచుకుని స్వామి గొంతు విప్పాడు.

అంతకుముందు 30వ సర్గలో ఎంత ఆలోచించాడో చూడండి. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడనుకుని భయపడుతుందేమో అనుకున్నాడు. నవవ్యాకరణాలు తెలిసినవాడు ఆ పాండిత్యాన్ని చెట్టుకొమ్మ మీదే వదిలేసి, మామూలు మనుషుల మాట ఎంచుకున్నాడు. ఇక మొదలుపెట్టడం 'రాజా దశరథో నామ' అని. మామగారి పేరు! లంకలో పదో నెల గడుపుతున్న కోడలి చెవిలో ముందుగా పడాల్సింది అదే కదా. తాను సముద్రం దాటిన సంగతి చివర్న గానీ రాదు. అది చెప్పగానే 'విరరామ', ఆగిపోయాడు.

కొన్నేళ్ల కిందట ఒక గుడిలో నన్ను మాట్లాడమన్నారు. పన్నెండు పేజీలు రాసుకుని వెళ్లాను, అన్నీ సమాసాలే. రెండో పేజీలో ఉండగా ముందు వరసలో ఒక ముసలమ్మ కొంగుతో చెవులు మూసుకోవడం కనబడింది. గుండె కలుక్కుమంది. మైకబ్బాయిని సౌండ్ తగ్గించమని, కాగితాలు మడిచి, "అమ్మా, దశరథుడని ఒక రాజుగారు..." అని మొదలుపెట్టాను. కాసేపటికి ఆవిడ కొంగు దించింది. కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఏ సభకు రాసుకున్నా, మొదటి వాక్యం ఆవిడకే రాస్తున్నాను.

ఈ వైశాఖ బహుళ దశమికి మైకు ముందుకు వచ్చే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు దండం పెట్టి అడుగుతున్నాను. వచ్చే ముందు 30వ సర్గ ఒక్కసారి చదవండి. ఎదురుగా కూర్చున్నవాళ్లలో బాధలో ఉన్న మనిషి ఎవరో వెతకండి. ఆ మనిషికి వినబడేంత చాలు.