మూడో రికార్డు

స్టాక్‌హోమ్‌లో చదివిన రోజులంటే మన బ్యాచ్‌లో ఎక్కువమందికి మంచు గుర్తొస్తుంది. నాకు మాత్రం రోగ్స్‌వెద్‌లో అద్దెకున్న గది, గోడ అవతల ఇంటాయన పెట్టే రికార్డులు గుర్తొస్తాయి.

గ్రీన్ లైన్ మెట్రోలో దక్షిణం వైపు వెళ్తే చివరి స్టేషన్‌కి ముందుది రోగ్స్‌వెద్. ఎబ్బా గ్రోన్ అనే పంక్ (కోపంగా, వేగంగా సాగే రాక్ సంగీతం) బ్యాండ్ 1977లో పుట్టింది అక్కడే. పాట, గిటార్ యోఆకిమ్ తోస్త్రోమ్, బాస్ ఫ్యొదోర్, డ్రమ్స్ గుర్రా. పోలీసులు ఒక ఆపరేషన్‌కి వాడిన కోడ్ మాటనే తీసుకొని పేరు పెట్టుకున్నారు. 1979 నాటి మొదటి ఆల్బమ్ విన్నరోజు, ఇదేం అరుపులు అనుకున్నాను.

మొదటి సెమిస్టర్‌లో నాకు రెండు సబ్జెక్టులు పోయాయి. డిసెంబర్, మధ్యాహ్నం మూడు కాకముందే చీకటి. ఇంట్లో ఎవరికీ చెప్పలేక వంటగదిలో కూర్చుంటే ఇంటాయన పిలిచారు. (పేరు పెట్టే పిలవమనేవారు. నాకు చివరిదాకా నోరు రాలేదు.) చొక్కా చేతితో రికార్డు మీద దుమ్ము తుడిచి, ముల్లు మెల్లగా దించారు. 1982లో వచ్చిన మూడో ఆల్బమ్ అది.

నమ్మలేకపోయాను. గిటార్ వెనక్కి తగ్గింది, బాస్ ముందు నడుస్తోంది. బ్యాండ్‌లో కొత్తగా చేరిన స్ట్రీ టెరారియే వాయించిన కీబోర్డు మంచుపొగలా కమ్ముకుంది. '800 డిగ్రీలు' అని అర్థం వచ్చే పాటలో తోస్త్రోమ్ గొంతు మరీ బరువుగా ఉంది. కోపం ఎక్కడికీ పోలేదు, లోపలికి దిగింది. నాకు మొదటి ఆల్బమ్ కంటే అదే ఎక్కువ భయం వేసింది, ఎక్కువ దగ్గరగానూ అనిపించింది.

ఇంటాయనకి అది వచ్చినప్పుడు పదిహేడేళ్లు. మా వాళ్లు మారిపోయారని ఉక్రోషంతో నెల రోజులు అలమరలో పడేశారట. ఒక రాత్రి నిద్రపట్టక మళ్లీ పెట్టారట, అంతే. 1983లో బ్యాండ్ విడిపోయింది. అంతకుముందు ఫ్యొదోర్ సైన్యంలో చేరనని జైలుకి వెళ్లినప్పుడు మిగతావాళ్లు మొదలుపెట్టిన రిమ్డ్‌ఇంపేరియెట్ అనే బ్యాండే తర్వాత ఇంపేరియెట్ అయింది. ఆ చీకటి ధ్వని దాంట్లో ఇంకా విస్తరించింది. ఈ కథంతా చెబుతూ ఆయన టీ చల్లార్చేసుకున్నారు.

రెండో వైపు అయిపోయింది. నేను అడగకుండానే లేచి, రికార్డు తిప్పి మళ్లీ మొదటి నుంచి పెట్టారు. మొదటి పాట నడుస్తుండగానే అమ్మకి ఫోన్ చేసి, రెండు సబ్జెక్టులు పోయాయని చెప్పాను.