హత్యకి ముందు అప్పు: ఎస్.ఎ. కాస్బీ నవలలు

ఎస్.ఎ. కాస్బీ నవల తెరిస్తే శవం కంటే ముందు అప్పులే కనిపిస్తాయి చాలాసార్లు. అమెరికాలో వర్జీనియా పల్లెల్లో నడిచే నేరకథలు ఆయనవి. సదరన్ నువార్, అంటే అమెరికా దక్షిణాది చీకటి నేరకథలు అంటారు ఈ తరహాని. రచయితగా నిలదొక్కుకోకముందు బౌన్సర్‌గా, కట్టడం పనుల్లో, ఫ్యూనరల్ హోంలో (శవాల్ని అంత్యక్రియలకి సిద్ధం చేసే చోటు) సహాయకుడిగా పనిచేశారు. ఆ అనుభవం ఊరికే పోలేదు. 2019లో వచ్చిన మొదటి నవల 'మై డార్కెస్ట్ ప్రేయర్'లో హీరో ఫ్యూనరల్ హోం ఉద్యోగి, 2025 నాటి 'కింగ్ ఆఫ్ యాషెస్'లో కుటుంబ వ్యాపారమే శవదహనశాల.

ఆయనకి పేరు ఒక్కరోజులో రాలేదు. చిన్న పత్రికల్లో కథలు, తర్వాత చిన్న ప్రచురణ సంస్థ నుంచి తొలి నవల. 2019లోనే చిన్నకథకి ఆంథొనీ అవార్డు వచ్చింది. బౌచర్‌కాన్ అనే నేరకథల సభకి వచ్చిన పాఠకులు, రచయితలు ఓట్లేసి ఇచ్చే అవార్డది. ఆ తర్వాత నవలలకి 2021, 2022, 2024ల్లో మళ్ళీ అదే అవార్డు. లాస్ ఏంజెలెస్ టైమ్స్ బహుమతి కూడా తెచ్చిపెట్టిన 'బ్లాక్‌టాప్ వేస్ట్‌ల్యాండ్' (2020) తోనే మొదలుపెట్టండి, తొలి నవల తర్వాతైనా చదవొచ్చు.

అందులో బ్యూరెగార్డ్ కారు మెకానిక్. ఒకప్పుడు దొంగల బండి నడిపినవాడు, ఇప్పుడు మానేశాడు. ఊళ్ళో కొత్త గ్యారేజీ వచ్చి గిరాకీ పోయింది. తల్లి ఉండే వృద్ధాశ్రమం బాకీ, కూతురి కాలేజీ ఖర్చు మీద పడ్డాయి. తండ్రి వదిలిపోయిన ప్లిమత్ డస్టర్ కారు ఉంది, అమ్మడానికి చెయ్యి రాదు. నగల షాపు దోపిడీకి పిలుపొచ్చేసరికి పాఠకుడే మనసులో 'సరే వెళ్ళు' అనేస్తాడు. కాస్బీ గొప్పతనమంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

'రేజర్‌బ్లేడ్ టియర్స్' (2021)లో ఒకరినొకరు పెళ్ళి చేసుకున్న ఇద్దరు మగవాళ్ళు హత్యకి గురవుతారు. బతికుండగా వాళ్ళని దగ్గరికి రానివ్వని తండ్రులు, ఒకరు నల్లవాడు, ఒకరు తెల్లవాడు, కలిసి పగ తీర్చుకోవడానికి బయల్దేరతారు. కొట్లాటలు కాస్త ఎక్కువే, కానీ ఆ ఇద్దరి పశ్చాత్తాపం గుండె పిండేస్తుంది. 'ఆల్ ది సిన్నర్స్ బ్లీడ్' (2023)లో నల్లజాతి షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) బడిలో జరిగిన కాల్పుల నుంచి వరస హత్యల దాకా వెళతాడు. చర్చీ, కాన్ఫెడరేట్ విగ్రహం (అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది పక్షం గుర్తు) ఆ కథలో అలంకారాలు కావు, వాటిని తీసేస్తే కథే నడవదు.

తెలుగులో ఇలా రాయాలనుకునేవాళ్ళు గల్లీ చీకటి, వాన, సిగరెట్ పొగ దగ్గరే ఆగిపోతున్నారు. ముందు లెక్క వేయండి. మూసాపేటలో కార్ల షెడ్డు మెకానిక్ అనుకుందాం. కుర్రాళ్ళ జీతాలు పోను నెలకి 55,000 మిగులుతుంది. షెడ్డు అద్దె 22,000, ఇంటద్దె 12,000, చీటీ 10,000, రెండు లక్షల అప్పు మీద మూడు రూపాయల వడ్డీ 6,000. ఇల్లు గడవడానికి ఉన్నది 5,000. పదిహేనో తారీకులోపు కూతురి ఇంటర్ ఫీజు 45,000 కట్టాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, అతనికి కోటి రూపాయల దోపిడీ తగిలించడం. 45,000 కోసం ఎవరూ అంత దూరం పోరు. 50,000 వచ్చే పని ఇవ్వండి: రాత్రికి రాత్రి ఒక కారు నంబర్ ప్లేటు మార్చాలి, అంతే. మిగతా దారులు కూడా ముందే మూసేయాలి. చీటీ పోయినేడే పాడేశాడు, బంగారం తాకట్టులో ఉంది, బావమరిదికి పాత బాకీ తీరలేదు. ఇవి ముందే చెప్పకపోతే పాఠకుడు 'చీటీ పాడుకోవచ్చుగా' అని పుస్తకం మూసేస్తాడు.

ఆ డబ్బుతో కష్టాలన్నీ తీరిపోకూడదు. ఫీజు కట్టేస్తాడు, ఇంకో 5,000 మిగులుతుంది, వడ్డీ మాత్రం అలాగే ఉంటుంది. నాలుగు రోజులకి అదే మనిషి ఇంకో కారుతో షెడ్డు ముందు ఆగుతాడు. ఈసారి డిక్కీ తెరవొద్దంటాడు.