సముద్రం లేని వామింగ్టన్-ఆన్-సీ

కేంబ్రిడ్జ్ లో ట్రైన్ ఎక్కీ ఎక్కగానే మొదలైంది గొడవ, ఎవరు ఏ క్యారెక్టర్ అని. నేను, అక్క, బావ, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న మా ఫ్రెండ్ ఒకడు, నలుగురం డాడ్స్ ఆర్మీ పిచ్చోళ్లమే. బావ "కెప్టెన్ మానరింగ్ నేనే, ఇంకో మాట లేదు" అన్నాడు. అక్క వెంటనే "మీరు గాడ్‌ఫ్రీ అండీ, ఇల్లు కదిలిన దగ్గర్నుంచీ బాత్రూమ్ ఎక్కడా అని అడుగుతున్నది మీరేగా" అంది. కోచ్ లో ఎవరికీ తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. 1968 నుంచి 77 దాకా బీబీసీలో 80 ఎపిసోడ్లు వచ్చిన సీరియల్ అది, రెండో ప్రపంచ యుద్ధం టైంలో ఆర్మీకి పనికిరాని ముసలాళ్లూ పిల్లకాయలూ కలిసి ఊరు కాపాడటానికి పెట్టుకున్న హోమ్ గార్డ్ కథ. కథలో ఊరు వామింగ్టన్-ఆన్-సీ, సముద్రం ఒడ్డున. అవుట్‌డోర్ షూటింగ్ ఎక్కువగా చేసింది నార్ఫోక్ లో థెట్‌ఫర్డ్ లోనూ ఆ చుట్టుపక్కలానూ, అక్కడ సముద్రం లేదు, లిటిల్ ఊజ్ అని ఒక చిన్న ఏరు ఉంది అంతే.

"అన్నా, జర్మనోళ్లు కాజీపేటల దిగితె మన ప్లటూన్ ఏం జేస్తది?" అన్నాడు వరంగల్ వాడు. బావ సీరియస్ గా ఆలోచించి ముందు చాయ్ తాగుతాం అన్నాడు. "ఏం అవసరం లేదన్నా, ప్లాట్‌ఫామ్ మార్చినమని నాలుగుసార్లు అనౌన్స్‌మెంట్ ఇస్తె వాళ్లే వాపస్ పోతరు." ఇది థెట్‌ఫర్డ్ వచ్చేదాకా సాగింది.

ఏటి ఒడ్డున బెంచీ మీద మానరింగ్ కాంస్య విగ్రహం, 2010లో పెట్టారు. కళ్లజోడు, కట్టుదిట్టంగా యూనిఫాం, ఊరంతా తనదే అన్నట్టు కూర్చున్నాడు, పక్కన మనకి చోటు. బావ కూర్చుని అదే మూతి పెట్టాడు, బాగానే కుదిరింది ఒప్పుకోవాలి. నాకైతే ఈ సీరియల్ ప్రాణమంతా మానరింగ్ కీ సార్జెంట్ విల్సన్ కీ మధ్యనే ఉందనిపిస్తుంది. బ్యాంకులో మేనేజర్ ఈయన, కింద క్లర్క్ ఆయన, కానీ పెద్దింటి బిడ్డ, పెద్ద స్కూల్లో చదివినవాడు విల్సన్, ఏమీ చెయ్యకుండానే దర్జా కారుతుంటుంది, అది చూసి మానరింగ్ కుళ్లి చస్తుంటాడు. మన ఆఫీసుల్లో ఇలాంటి జంటని చూడని వాళ్లు ఎవరు చెప్పండి.

గిల్డ్‌హాల్ వెనక చిన్న డాడ్స్ ఆర్మీ మ్యూజియం ఉంది, వాలంటీర్లు నడుపుతారు, రోజూ తెరవరు, చూసుకుని వెళ్లండి. సీరియల్లో మాంసం కొట్టు నడిపే జోన్స్ వ్యాన్ మాత్రం ఊళ్లోనే చార్లెస్ బర్రెల్ మ్యూజియంలో ఉంది. "డోంట్ పానిక్" అని అరుస్తూ అందరికంటే ముందు తనే పానిక్ అయ్యే ఆ ముసలి జోన్స్ వేషం వేసిన క్లైవ్ డన్ కి మొదటి సీజన్ అప్పుడు 48 ఏళ్లే. గాడ్‌ఫ్రీగా వేసిన ఆర్నాల్డ్ రిడ్లీ అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ లో సోమ్ దగ్గర నిజంగానే గాయపడ్డ సైనికుడు. అది చెప్పాక బావ గాడ్‌ఫ్రీ అవ్వడానికి ఒప్పుకున్నాడు.

అదే ఏట్లో బటన్ ఐలాండ్ అని చిన్న లంక మీద గుర్రమెక్కిన మహారాజా దులీప్ సింగ్ విగ్రహం. సిక్కుల చివరి మహారాజు, రాజ్యం, కోహినూర్ రెండూ పోయాక దగ్గర్లోని ఎల్వ్‌డెన్ ఎస్టేట్ లో బతికాడు, సమాధీ అక్కడే. అప్పటిదాకా ఇకిలిస్తున్న మేం కాసేపు నోరు మూసుకున్నాం. దాంతో తిరుగు ట్రైన్లో టాపిక్ మారింది, ఇదే రచయితలు పెర్రీ, క్రాఫ్ట్ తర్వాత తీసిన ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్ అనే సీరియల్ మీదకి పోయింది. మొదట్లో కథంతా మన దేవలాలీలో, కానీ మనవాడి పాత్రకి తెల్లాయన ముఖానికి రంగు పూసుకున్నాడు. అక్క అది నవ్వు రాదంది, నాకూ రాలేదు, వరంగల్ వాడు మాత్రం మిగతా జోకులు బాగుంటయ్ అని వాదించాడు, తేలలేదు.

తర్వాత ఇంగ్లండ్ లోనే టార్కీ అనే ఊరికి వెళ్దామని బావ ప్లాన్. హోటల్ మీద తీసిన ఫాల్టీ టవర్స్ అనే కామెడీ సీరియల్ కి ప్రేరణ ఇచ్చిన గ్లెనీగల్స్ హోటల్ ని కూల్చేసి పెద్దవాళ్లకి ఫ్లాట్లు కట్టేశారు కదా బావా అన్నాను. అయితే ఏంటి, లేని హోటల్లో సర్వీస్ బాలేదని కంప్లైంట్ ఇచ్చి వద్దాం అన్నాడు.