కోడిగుడ్డులో రక్తనాళం గోడ కోసం వెతికిన నా ప్రాజెక్టు

ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్‌లో నాకొచ్చిన ప్రాజెక్టు, కోడి పిండంలో రక్తనాళాల గోడ ఎలా ఏర్పడుతుందో స్లైడ్ల మీద చూపించడం. మొదటి వారమే బోల్తా పడ్డాను. కిరాణా కొట్టులో డజను గుడ్లు కొని, ఇంక్యుబేటర్‌లో 38 డిగ్రీల దగ్గర పెట్టి మూడు రోజులు కాపలా కాస్తే ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. ఫోన్లో అమ్మమ్మకి చెబితే "పుంజు లేని గుడ్డులోంచి పిల్లెట్లా వస్తుందే" అని ఒకటే నవ్వు. తర్వాత హేచరీ నుంచి తెచ్చుకున్నా.

గుడ్డుకి కిటికీ కోయడం ఇంకో తలనొప్పి. గుడ్డుని అడ్డంగా పడుకోబెట్టి, సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేస్తే పిండం పెంకు నుంచి కాస్త కిందికి దిగుతుంది, అప్పుడు పైన టేపు అంటించి చిన్న కత్తెరతో కోయాలి. నాలుగైదు గుడ్లలో పచ్చసొన చితికిపోయింది. ఒకదాంట్లో మాత్రం మూడో రోజు, చిన్న ఎర్ర చుక్క టకటకా కొట్టుకుంటూ, చుట్టూ పచ్చసొన మీద ఎర్రదారాల వల. హాస్టల్లో ఉన్నవాళ్లందర్నీ పిలిచి చూపించా.

పుస్తకంలో ధమనికి మూడు పొరలుంటాయి కదా, అవన్నీ ఒకేసారి వచ్చేస్తాయని నా ఊహ. సెక్షన్ కోసి రంగు వేసి చూస్తే బృహద్ధమని చుట్టూ ఉల్లిపొర లాంటి ఒకే ఒక్క వరుస కణాలు. పాడైందేమోనని మళ్లీ కోశా, మళ్లీ అదే. గైడ్ చూసి "పాడవలేదమ్మా, గోడ ఇంకా రాలేదు" అన్నారు.

అప్పుడు కూర్చుని చదివా. ముందు మీసోడర్మ్ (పిండంలో మధ్య పొర) నుంచి వచ్చిన ఎండోథీలియల్ కణాలు, అంటే నాళం లోపలి పొర కణాలు, ఒకదానికొకటి అతుక్కుని ఉత్త గొట్టం కడతాయి. ఆ తర్వాత అవే పీడీజీఎఫ్-బి అనే ప్రోటీన్ వదిలి బయటి కణాల్ని రప్పించుకుంటాయి, సన్న నాళాలకైతే వాటిని బయట నుంచి అంటిపెట్టుకునే పెరిసైట్లు, పెద్దవాటికి స్మూత్ మజిల్ కణాలు. ఎలాస్టిన్, కొల్లాజెన్ పోగులు అల్లేది ఈ కండర కణాలే. పీడీజీఎఫ్-బి జన్యువు తీసేసిన ఎలుకల్లో సన్న నాళాలు ఉబ్బి చిట్లి, పిల్లలు పుట్టే సమయానికే చనిపోతాయట. నన్ను తికమక పెట్టింది వేరే: ఈ కండర కణాలన్నీ ఒక ఊరివి కావు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనులకు న్యూరల్ క్రెస్ట్ (మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం అంచు నుంచి వలసపోయే కణాలు) నుంచి, వీపు వెంట దిగే బృహద్ధమనికి సోమైట్ల (ఆ గొట్టానికి రెండు పక్కలా వరుసగా ఉండే మీసోడర్మ్ ముద్దలు) నుంచి వస్తాయి. 1969లో ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారిన్ కౌజుపిట్ట కణాల్ని కోడి పిండంలో అతికించే పద్ధతి తెచ్చారు, కౌజు కణాల కేంద్రకాలు మైక్రోస్కోపులో వేరుగా కనిపిస్తాయి కాబట్టి ఏ కణం ఎక్కడికి పోయిందో పట్టుకోవచ్చు. నా స్లైడ్ల కంటే ఆ ఆలోచనే నాకెక్కువ నచ్చింది.

ఐదో రోజు స్లైడ్‌లో వరుసలు పెరిగాయి, కానీ అడుగువైపే మందం. బ్లేడు వంకర పోయిందని తిట్టుకున్నా, తీరా చూస్తే కండరం మొదట కనిపించేది ఆ వైపేనట.

వైవాలో ఎక్స్‌టర్నల్ గారు "గోడ లేకుండా గుండె కొట్టుకుంటుంటే నాళం పగలదా?" అనడిగారు. మూడో రోజుకి ఒత్తిడి ఒక మిల్లీమీటరు పాదరసం అటూఇటూ మాత్రమే అని చెప్పా. తలాడించి, "గుడ్లెక్కడ తెచ్చావు?" అన్నారు. హేచరీ అన్నాను, కిరాణా కొట్టు సంగతి ఎత్తలేదు.